పురిటి భయం విశ్వాస బలహీనతా?

ఒక మహిళా ఇజ్తెమాలో ప్రసంగం ముగిశాక పరదా అవతలి నుంచి ఒక చీటీ వచ్చింది. అందులో ఇలా ఉంది: "నాకిప్పుడు ఎనిమిదో నెల. తొలి కాన్పు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. నొప్పులు తట్టుకోగలనా, బతికి బయటపడతానా అన్న ఆలోచనలే. మా అత్తగారితో చెబితే, 'అయిదు పూటలా నమాజు చేసేదానివి, అల్లాహ్ మీద ఆ మాత్రం భరోసా లేదా?' అన్నారు. అప్పటి నుంచి నాకు రెండు భయాలయ్యాయి. ఒకటి కాన్పు గురించి, రెండోది నా ఈమాన్ గురించి."

చీటీ మీద పేరు లేదు. ఆ సోదరికి మొదటి భయం సహజంగా వచ్చింది. రెండోది మాత్రం మనం తెచ్చిపెట్టినది. అందుకే ముందు రెండో భయం సంగతే చూద్దాం.

భయపడటం పాపమా?

హజ్రత్ మూసా (అలైహి) చేతికర్ర సర్పంగా మారినప్పుడు ఆయన వెనుదిరిగి చూడకుండా పరుగెత్తారని దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది. ఫిరౌన్ దగ్గరకు వెళ్ళమని ఆజ్ఞ అయినప్పుడు కూడా ఆయన, సోదరుడు హారూన్ (అలైహి) తమ భయాన్ని దాచుకోలేదు. దానిని నేరుగా తమ ప్రభువుతోనే చెప్పుకున్నారు. 'మీకు భరోసా లేదా?' అని అల్లాహ్ వారిని నిలదీయలేదు. తాను వారి వెంటే ఉన్నాననీ, అంతా వింటూ చూస్తూ ఉన్నాననీ ధైర్యం చెప్పాడు (సూరా తాహా). పసికందును నదిలో వదిలిన మూసా తల్లి హృదయం తల్లడిల్లిపోయిన సంగతి కూడా ఖుర్ఆన్‌లో ఉంది. ఆమె హృదయాన్ని దృఢపరచినవాడు అల్లాహ్‌యే.

ధర్మపండితులు భయాన్ని రెండు రకాలుగా విడదీశారు. ఒకటి ఖౌఫె తబయీ, అంటే మానవ స్వభావంలోనే ఉన్న భయం. పామును చూసి, నిప్పును చూసి, నొప్పిని తలచుకొని కలిగే భయం ఇది. దీనికి లెక్క అడగడం ఉండదు. రెండోది మనిషిని అల్లాహ్‌కు దూరం చేసే భయం. తాయెత్తులవాళ్ళ గడప తొక్కించేది, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ పుట్టించేది ఈ భయమే. మొదటి భయంతో వణుకుతూ సజ్దాలో పడిన స్త్రీ విశ్వాసం బలహీనమైనదని ఎవరనగలరు? భయం ఆమెను ఎటు తీసుకుపోయిందన్నదే అసలు ప్రశ్న.

ఖర్జూర చెట్టు కింద

సూరా మర్యంను ఒక గర్భిణి చదివితే అందులో తన మాటే వినిపిస్తుంది. లోకంలోని స్త్రీలలో ఎన్నిక చేయబడిన పుణ్యవతి హజ్రత్ మర్యం (అలైహిస్సలాం). ఆమెకూ అది తొలి కాన్పే. పక్కన తల్లి లేదు, మంత్రసాని లేదు. పురిటి నొప్పులు ఆమెను ఒక ఖర్జూర చెట్టు మొదలు దగ్గరకు చేర్చాయి. దీనికి ముందే తాను చనిపోయి, అందరూ మరచిపోయినదాన్నైపోతే బాగుండేదని ఆమె నోట వచ్చింది. ఒంటి బాధకు తోడు లోకం వేయబోయే నింద కూడా ఆమెను అంతగా కుంగదీసింది.

ఆ మాటకు వచ్చిన జవాబును శ్రద్ధగా గమనించండి. అందులో మందలింపు లేదు. ముందుగా దుఃఖించవద్దన్న ఓదార్పు. ఆ తర్వాత కాళ్ళ దగ్గరే నీటి ఊట. ఆ తర్వాత పండిన ఖర్జూరాలు. తిను, తాగు, కళ్ళు చల్లబరచుకో అన్న ఆదరణ. జనానికి ఏం జవాబు చెప్పాలన్నది అన్నిటికన్నా చివర్లో వచ్చింది. నొప్పులు పడుతున్న స్త్రీతో ఎలా మాట్లాడాలో సృష్టికర్తే మనకు నేర్పిన పద్ధతి ఇది.

మరో విషయం. చెట్టు మొదలు పట్టుకొని ఊపమని ఆమెకు చెప్పబడింది. ఖర్జూర చెట్టును బలమైన మగవాళ్ళు ఊపినా కాయలు రాలవు. నీరసించిన బాలింత చేయి ఎంత? అయినా చేయి వేయమనే ఆజ్ఞ అయింది. చేయి వేయడం మన వంతు, పండు రాల్చడం ఆయన వంతు. తవక్కుల్ అంటే ఇదే.

అరిస్తే సహనం పోతుందా?

నొప్పులప్పుడు కేకలు వేస్తే సబ్ర్ పోయినట్లేనని కొందరు పెద్దవాళ్ళు అంటుంటారు. తన కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (సల్లం) కన్నీరు పెట్టారు. కన్ను చెమ్మగిల్లుతుంది, మనసు బాధపడుతుంది, నాలుక మాత్రం ప్రభువుకు నచ్చే మాటే పలుకుతుంది అన్న భావం గల ఆయన ప్రవచనం బుఖారీలో ఉంది. అల్లాహ్‌ను నిందించనంతవరకు మూలుగుకూ కేకకూ పట్టింపు లేదు. తల్లి పడే ఈ కష్టాన్ని అల్లాహ్ తేలికగా తీసుకోలేదు. బలహీనత మీద బలహీనతను భరించి మోసిందని సూరా లుఖ్మాన్‌లో, కష్టపడి మోసి కష్టపడి కన్నదని సూరా అహ్‌ఖాఫ్‌లో తెలిపాడు. ప్రభువే కష్టమన్నదాన్ని మనం 'ఇదేం గొప్ప?' అనడం తగునా?

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా ఇంట్లో తొలి కాన్పు నాడు నేను సబ్ర్ గురించి నాకు తెలిసిన హదీసులన్నీ వరుసగా వినిపించడం మొదలుపెట్టాను. కాసేపటికి నా భార్య, "బయాన్ తర్వాత చేద్దురుగాని, ముందు కాసిని నీళ్ళివ్వండి" అంది. సూరా మర్యం ఎన్నోసార్లు చదివాను, చదివించాను. అందులో నీటి ఊట ఉపదేశం కన్నా ముందు ఎందుకుందో ఆ రోజు అర్థమైంది.

ఒంటెను కట్టిన తర్వాతే

ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవచనం (తిర్మిజీ) అందరికీ తెలిసిందే. కాన్పు విషయంలో ఒంటెను కట్టడమంటే నెలనెలా పరీక్షలు చేయించుకోవడం, రక్తహీనత లేకుండా చూసుకోవడం, ఏ ఆస్పత్రికి ఏ వాహనంలో వెళ్ళాలో ముందే అనుకోవడం. రక్తస్రావం, విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం వంటివి కనిపిస్తే ఒక్క క్షణం కూడా ఆగకూడదు. భయంలో సగం తెలియనితనం వల్ల వచ్చేదే. తొలి కాన్పులో నొప్పులు గంటల తరబడి సాగడం మామూలేననీ, నొప్పికీ నొప్పికీ మధ్య విరామం ఉంటుందనీ ముందే తెలిస్తే మనసు కుదుటపడుతుంది.

అవసరమైతే ఆపరేషన్ చేయించుకోవడం, నొప్పి తగ్గించే మందు తీసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (సల్లం) స్వయంగా ఆదేశించారు. లేడీ డాక్టరు దొరకని ఆపద వేళ ప్రాణరక్షణకు పురుష వైద్యుని సాయం తీసుకోవచ్చని ఫిఖా పండితులు చెప్పారు. పరదా పేరుతో ఆలస్యం చేసి ప్రాణం మీదకు తేవడం ధర్మం కాదు. అలాగని కేవలం భయంతో, వైద్యపరమైన అవసరం లేకుండా కోత కోరుకోవడమూ మంచిది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్ ద్వారానే జరిగాయి. దేశ సగటు 21.5 శాతం. ఇవన్నీ అవసరమై జరిగినవేనా అని ఆలోచించాలి. నిర్ణయం తీసుకునే ముందు డాక్టరును కారణం అడగండి. మీ భయాన్ని కూడా ఆమెతో చెప్పండి.

మరణ భయం

"బతుకుతానా?" అన్న ప్రశ్నను దాటవేయడం సరికాదు. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2018-20లో లక్ష సజీవ జననాలకు తెలంగాణలో 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది తల్లులు మరణించారు. ఒక్క ప్రాణమైనా చిన్నది కాదు. కాని అత్యధిక శాతం తల్లులు బిడ్డతో ఇంటికి చేరుతున్నారన్నది కూడా ఈ లెక్కే చెబుతోంది. గర్భంతోనో ప్రసవంలోనో మరణించిన విశ్వాసురాలిని దైవప్రవక్త (సల్లం) షహీదులలో లెక్కించారు (అబూ దావూద్). ముల్లు గుచ్చుకున్నా, మనసుకు దిగులు కలిగినా విశ్వాసి పాపాలు రాలిపోతాయన్న శుభవార్త కూడా ఉంది (బుఖారీ). ఒక్కో నొప్పికి ఇన్ని వేల పుణ్యాలంటూ ప్రచారంలో ఉన్న ఆధారం లేని మాటలు మనకు అవసరం లేదు. ప్రామాణికమైనవే చాలు.

ఇంటివారికి ఒక మాట

అత్తలారా, అమ్మలారా! గర్భిణి ముందు కూర్చొని ఫలానా ఇంట్లో కాన్పు ఎలా చెడిందో వర్ణించకండి. సులభతరం చేయండి, కఠినతరం చేయకండి, శుభవార్తలివ్వండి అన్నది దైవప్రవక్త (సల్లం) బోధ. గ్రహణం పేరు చెప్పి ఆమెను బెదిరించకండి. సూర్యచంద్ర గ్రహణాలు ఎవరి చావు వల్లనో, పుట్టుక వల్లనో సంభవించవని ఆయన స్పష్టం చేశారు. భర్తలారా! ఆమె భయాన్ని వినండి. వెంటనే జవాబు చెప్పనవసరం లేదు. ప్రసవ గదిలో తోడుగా ఒక స్త్రీని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే ప్రభుత్వ ఆస్పత్రులకు సూచించింది. ఆ తోడు ఎవరో ఆమెనే ఎంచుకోనివ్వండి.

ఇక చీటీ రాసిన సోదరికి: అమ్మా, నీ ఈమాన్‌కు ఏమీ కాలేదు. నిద్ర పట్టని ఆ రాత్రివేళ లేచి నీ భయాన్ని నీకు వచ్చిన భాషలోనే అల్లాహ్‌కు చెప్పుకో. చీకట్ల మధ్య హజ్రత్ యూనుస్ (అలైహి) చేసుకున్న దుఆ చదువుకో. మూడు చీకట్ల మాటున నీ బిడ్డను తీర్చిదిద్దుతున్నవాడు, ఆ బిడ్డ బయటికి వచ్చే దారిని కూడా ఎరిగినవాడే.

కాన్పు కోసం ఎదురుచూస్తున్న ప్రతి తల్లికీ అల్లాహ్ ఆ ఘడియను సులభం చేయుగాక! తల్లినీ బిడ్డనూ క్షేమంగా ఇంటికి చేర్చుగాక! ఆమీన్.