గాలి లేని స్టెప్నీ

ప్రియ చదువరీ, చిన్న కారులో పూర్తి కొలత స్టెప్నీ మోయుట అవిశ్వాసమా? కాదనియే నా తలంపు. సిద్దెలలో నూనె తెచ్చుకొనిన కన్యకలు బుద్ధిగలవారనిపించుకొనిరి గదా.

ట్యూబులెస్ టైర్లు, గాలి తగ్గినచో తెలుపు పరికరము, పంక్చరు సామగ్రి గల కార్లకు స్టెప్నీ అక్కరలేదని 2020లో ప్రభుత్వము నిబంధన సడలించినది. అయితే ఆ సామగ్రి ముల్లు గ్రుచ్చిన రంధ్రమును మూయునే గాని, రాయి చీల్చిన టైరు ప్రక్కను మూయదు. సన్నని స్టెప్నీతోనో సాధారణముగా గంటకు 80 కిలోమీటర్లు మించరాదు. కావున పూర్తి చక్రమే కొంటిని. సన్నదానికై చేసిన గుంటలో అది పట్టక, డిక్కీలో సగము ఆక్రమించినది.

మొన్న వేసవిలో పామిడి నుండి గార్లదిన్నె వచ్చుచుండగా, శనక్కాయల మూటతో ఒక అవ్వ చెయ్యెత్తినది. "చోటు లేదవ్వా" అని సాగిపోతిని. కొంత దూరము పోగానే టైరు చీలెను. స్టెప్నీ దించి చూడగా అందులో గాలి లేదు! రెండేండ్లుగా దానిని తాకియైనను చూడలేదు.

చదువరీ, ఆ మూటకు నేనియ్యని చోటు దేనికిచ్చితిని? రాబోవు ఆపదకా, నా భయమునకా? ఆపదకే అయినచో గాలి చూచియుందును.

వెనుక నుండి ఒక ఆటో వచ్చి నిలిచెను. అందులో ఆ అవ్వయే యున్నది. గాలి పట్టించవలెనని చెప్పితిని.

"నా మూట మీద పెట్టు నాయనా, కాయలు యాడికీ పోవు" అనెను.