నమ్మకం లేని నమస్కారం

జపాన్‌లో షింటో మందిరానికి వెళ్లినవారు ముందు రాతి తొట్టి దగ్గర ఆగుతారు. పొడుగుకాడ గరిటెతో నీళ్లు తీసుకుని మొదట ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి కడుక్కోవాలి. ఎడమ అరచేతిలోకి నీళ్లు పోసుకుని నోరు పుక్కిలించాలి. దేవుడి ముందు నాణెం వేసి రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి. ఇజుమో మహామందిరంలో చప్పట్లు నాలుగు. బౌద్ధాలయంలో చప్పట్లే ఉండవు, చేతులు జోడిస్తే చాలు. కొత్తగా వచ్చిన విదేశీయుడికి ఈ వరుసంతా ఎవరో ఒకరు ఓపిగ్గా చూపిస్తారు. నువ్వు ఏ దేవుణ్ణి నమ్ముతావని మాత్రం సాధారణంగా అడగరు.

ఆ అడగకపోవడమే కొందరిని కలవరపెడుతుంది. నమ్మని దేవుడికి తల వంచితే అది అబద్ధం కాదా? క్రైస్తవుడికో ముస్లింకో అది తన దేవుడికి చేసిన ద్రోహంలా తోచవచ్చు. నాస్తికుడికి నటన అనిపించవచ్చు. హిందువుకు ఇబ్బంది కాస్త తక్కువ. బివా వాయిద్యం పట్టుకున్న బెన్‌జైతెన్‌లో సరస్వతిని గుర్తుపడతాడు. టోక్యోలో అసకుస దగ్గరి మత్సుచియామా ఆలయంలో వినాయకుడు కాంగితెన్ అనే పేరుతో ముల్లంగి నైవేద్యం అందుకుంటున్నాడని తెలిస్తే మురిసిపోతాడు. కానీ తెలిసిన దేవుడు కనిపించినంత మాత్రాన ప్రశ్న తీరిపోలేదు.

జపనీయులే ఈ ప్రశ్నకు వింతైన సాక్ష్యం ఇస్తారు. అక్కడి ప్రభుత్వ లెక్కల్లో షింటో, బౌద్ధ అనుయాయులను కలిపితే దేశ జనాభాను మించిపోతారు. వాళ్లనే సర్వేల్లో అడిగితే ఎక్కువమంది తమకు ఏ మతమూ లేదంటారు. అలా అన్నవాళ్లే కొత్త సంవత్సరం రోజున టోక్యోలోని మెయిజీ మందిరం ముందు బారులు తీరతారు. వీళ్లందరినీ కపటులనడం తొందరపాటు. మతమంటే ముందు మనసులో ఒప్పుకోవలసిన సిద్ధాంతమని, ఆచారం దాని వెనకాల రావాలని అనుకుంటేనే ఇందులో వైరుధ్యం కనిపిస్తుంది.

1223లో తానూ కొత్తవాడిగానే చైనాలో అడుగుపెట్టిన జపాన్ బౌద్ధ సన్యాసి దోగెన్, తిరిగొచ్చి సోతో జెన్ సంప్రదాయాన్ని నిలబెట్టాడు. ముఖం ఎలా కడుక్కోవాలో కూడా ధర్మబోధలో భాగంగానే రాశాడు. సాధన చేస్తే ఎప్పటికో జ్ఞానం వస్తుందని కాదు, సాధనే జ్ఞానమన్నది ఆయన మాట సారం. పూర్వమీమాంస తెలిసినవారికి ఈ దారి మరీ అపరిచితం కాదు. దేవతలకు శరీరం ఉందని దానికి భాష్యం రాసిన శబరస్వామి ఒప్పుకోలేదు, కర్మ మాత్రం విధి ప్రకారం జరిగి తీరాలన్నాడు. రెండు వాదాల గమ్యాలు వేరు. అయినా చేసే పనికి విలువ కట్టాలంటే ముందు విశ్వాసాన్ని తూచాలన్న పట్టుదల రెంటిలోనూ లేదు.

భాష నేర్చుకోవడమూ ఈ క్రమంలోనే సాగుతుంది. ఇల్లు దాటేటప్పుడు ఒక మాట, తిరిగి వచ్చాక ఒక మాట, భోజనానికి ముందు ‘ఇతదకిమసు’, అయ్యాక ‘గోచిసోసమ’, మిగతావారికంటే ముందు ఆఫీసు వదిలి వెళ్తుంటే క్షమాపణలాంటి ఒక మాట. ఆ భావం గుండెలో పుట్టాకే పలుకుతానంటే ఎవరికీ జపనీస్ రాదు. పెదవి ముందు నేర్చుకుంటుంది, ఎన్నో నెలల తర్వాత ఒకరోజు ఆ మాట నిజంగానే మనసులోంచి వస్తుంది. కొందరికి రాకపోవచ్చు కూడా. అప్పుడైనా, వంటచేసిన మనిషి ఎదురుగా పలికిన ఆ మాట ఆవిడకు చెందవలసిన గౌరవాన్ని చేర్చింది.

ఈ సంగతి అక్కడికి వచ్చిన విదేశీయుల్లో కొందరు బాగా గ్రహించారు. 1579లో వచ్చిన జెసూట్ పెద్ద వాలిన్యానో, తన ఫాదరీలు జపనీస్ నేర్చుకోవాలని, అక్కడి శుభ్రత, భోజన మర్యాదలు పాటించాలని ఆదేశించాడు. గౌరవ మర్యాదల్లో వాళ్ల హోదాలను జెన్ సన్యాసుల అంతస్తులకు సరితూచాడు. 1890లో వచ్చిన రచయిత లఫ్కాడియో హెర్న్ సంగతి ఇంకా హృద్యం. అదే ఏడు ఇజుమో మందిరం లోపలికి ఆయనకు ప్రవేశం దొరికింది. 1896లో కోయిజుమి యకుమోగా జపాన్ పౌరుడయ్యాడు. జపనీస్ చదవడం ఆయనకు చివరిదాకా సరిగా రాలేదు. భార్య సెత్సుతో ఇంట్లో వాళ్లిద్దరికే అర్థమయ్యే వచ్చీరాని జపనీస్‌లో మాట్లాడేవాడు. ఆమె చెప్పిన పాత కథలే ఆయన పుస్తకం ‘క్వాయిదాన్’లోకి చాలావరకు చేరాయి.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. కానీ అదే వంగడం, అదే దేశంలో, మరో రూపం కూడా చూపింది.

1891 జనవరిలో టోక్యోలోని ఒక ఉన్నత పాఠశాలలో చక్రవర్తి సంతకం చేసిన విద్యా శాసనానికి ఉపాధ్యాయులంతా వంగి నమస్కరించాలి. క్రైస్తవుడైన ఉచిమురా కాన్‌జో తడబడి, తల కొద్దిగా మాత్రమే వంచాడు. దేశద్రోహి అంటూ గగ్గోలు లేచింది. ఇది గౌరవమే తప్ప ఆరాధన కాదని పెద్దలు నచ్చజెప్పాక ఆయన ఒప్పుకున్నాడు. అప్పటికే తీవ్రమైన జబ్బుతో మంచం పట్టడంతో సహోద్యోగి ఒకరు ఆయన బదులు వంగాడు. అయినా ఉద్యోగం నిలవలేదు. 1932లో యుద్ధమృతులను కొలిచే యసుకునీ మందిరం ముందు కొందరు కాథలిక్ విద్యార్థులు వందనం చేయకపోతే వాళ్ల విశ్వవిద్యాలయం మీద సైన్యం కన్నెర్ర చేసింది. 1936లో వాటికన్ అది పౌరధర్మమేనని, చేయవచ్చని అనుమతించింది.

నమస్కారం అబద్ధమా కాదా అన్నది నమస్కరించేవాడి విశ్వాసాన్ని బట్టి తేలదని ఈ ఉదంతాలు చెబుతాయి. చేయకుండా ఉండే హక్కు అతనికి ఉందా అన్నదాన్ని బట్టి తేలుతుంది. వద్దనగలిగినవాడు తల వంచితే అది మర్యాద. వద్దనలేనివాడి చేత వంచిస్తే, మతం కాదని ఎంత చెప్పినా, అది అతని మనసు మీద దౌర్జన్యమే. 17వ శతాబ్దం నుంచి రెండు వందల ఏళ్లకు పైగా నాగసాకి జనం చేత క్రీస్తు, మరియ ప్రతిమలను కాలితో తొక్కించిన అధికారులకు ఈ తేడా బాగా తెలుసు.

1947 నుంచి అమల్లో ఉన్న జపాన్ రాజ్యాంగం 20వ అధికరణలో, మతపరమైన ఏ క్రియలోనూ వేడుకలోనూ ఎవరినీ బలవంతంగా పాల్గొనేలా చేయరాదని స్పష్టంగా ఉంది. అయితే ఎక్కడ ఆచారం ముగిసి మతం మొదలవుతుంది? త్సు నగరం 1965లో వ్యాయామశాల కట్టడానికి ముందు, మన భూమిపూజలాంటి షింటో క్రతువును ప్రజాధనంతో జరిపింది. కేసు సుప్రీంకోర్టుకు చేరి, అది లోకాచారమేనని 1977లో తీర్పు వచ్చింది. న్యాయమూర్తులు మాత్రం ఏకాభిప్రాయానికి రాలేదు.

ఇవాళ అక్కడికి వెళ్లే ఇంజనీరుకు, నర్సుకు, విద్యార్థికి ఆ చర్చ సూటిగా ఎదురయ్యేది కొత్త సంవత్సరం మొదటి పనిదినాన, ఆఫీసువాళ్లంతా కలిసి మందిరానికి బయల్దేరినప్పుడు. వంగే కోణం, చప్పట్ల లెక్క నేర్పే జపనీస్ తరగతులు, తోటివారి మనసు నొప్పించకుండా ‘నేను బయట నిలబడతాను’ అనే వాక్యాన్ని కూడా మొదటి పాఠాల్లోనే నేర్పాలి. ఆ వాక్యం వచ్చినవాడు లోపలికి వెళ్లాలనుకున్నా సంకోచం లేకుండా వెళ్తాడు.