మెట్ల మీద ఇద్దరు



విచారణ గురువు సినిమా గురించి రాయడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. అనిపించనివ్వండి. 1968లో అమెరికాలో విడుదలైన 'ఫేసెస్' అనే చిత్రం చూసినప్పటినుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. దర్శకుడు జాన్ కసావెట్స్ పెద్ద స్టూడియోల అండ లేకుండా, చాలా భాగం తన ఇంట్లోనే, నలుపు తెలుపులో దాన్ని తీశాడు.

రిచర్డ్, మరియా భార్యాభర్తలు. డబ్బుకు లోటు లేదు. ఒక రాత్రి ఇద్దరూ హాస్యాలాడుకుంటూ పడీపడీ నవ్వుతారు. కాసేపటికే అతడు విడాకులు కావాలంటాడు. భార్య ఎదుటే మరో స్త్రీకి ఫోను చేసి, ఆమె దగ్గరకు వెళ్లిపోతాడు. మరియా స్నేహితురాళ్లతో క్లబ్బుకు వెళుతుంది. అక్కడ పరిచయమైన యువకుడు ఆ రాత్రి ఆమె ఇంట్లోనే ఉండిపోతాడు. తెల్లవారేసరికి ఆమె నిద్రమాత్రలు మింగి పడి ఉంటుంది. ఆ యువకుడే ఆమెను బ్రతికిస్తాడు. భర్త వచ్చిన అలికిడికి కిటికీలోంచి పారిపోతాడు.

ఈ కాపురంలో ద్రోహం ఎప్పుడు మొదలైంది? ఫోను చేసినప్పుడా? నాకైతే ఆ నవ్వుల్లోనే కనిపించింది. మాట్లాడుకోవలసి వస్తుందేమోనని భయపడేవాళ్ల నవ్వు అది.

నా దగ్గరకు వచ్చే దంపతులు "ఫలానా రోజున బయటపడింది ఫాదర్" అని తేదీతో సహా చెబుతారు. "అంతకు ముందు మీరిద్దరూ తీరిగ్గా కూర్చుని మాట్లాడుకున్నది ఎప్పుడమ్మా?" అని అడిగితే మాత్రం జవాబు రాదు.

1929లో కతోలిక విశ్వాసాన్ని స్వీకరించిన ఫ్రెంచి తత్త్వవేత్త గబ్రియేల్ మార్సెల్ దీని గురించి చాలా ఆలోచించాడు. ఆయన దృష్టిలో విశ్వసనీయత అంటే గీత దాటకుండా ఉండడం మాత్రమే కాదు, ఎదుటి మనిషికి మనసారా అందుబాటులో ఉండడం. ఆ లెక్కన ఏ తప్పూ చేయని భర్త కూడా ఇంట్లో లేనివాడే కావచ్చు.

"అయితే వ్యభిచారం పాపం కాదంటారా?" అని అడగకండి. పాపమే. భర్త నిర్లక్ష్యం భార్య తప్పును ఒప్పు చేయదు, భార్య మౌనం భర్త తప్పును కడగదు. కానీ మన విచారణల్లో ఒకటి చూస్తున్నాను. మగవాడు తప్పు చేస్తే సర్దుకుపొమ్మంటాం, ఆడది చేస్తే పుట్టింటికి పంపుతాం. శ్రీసభ చట్టం 1152వ అధికరణం ఈ తేడా చూపదు. తప్పు చేసిన జీవిత భాగస్వామిని క్షమించమని ఇద్దరికీ ఒకేలా సిఫారసు చేస్తుంది. సిఫారసు మాత్రమే, బలవంతం లేదు. క్షమించలేని వారికి విడిగా ఉండే హక్కును కూడా అదే అధికరణం ఒప్పుకుంటుంది. క్షమాపణను ఆజ్ఞాపించి తెప్పించలేమని ఆ చట్టం రాసినవారికి తెలుసు.

చిత్రం చివర భార్యాభర్తలిద్దరూ ఇంటి మెట్ల మీద కూర్చుని సిగరెట్లు కాలుస్తూ దగ్గుతుంటారు. ఈసారి నవ్వులు లేవు. కలిసి ఉంటారో విడిపోతారో దర్శకుడు చెప్పలేదు. ఒకరు లేచి వెళ్లాలంటే రెండోవారి కాళ్లు దాటుకుని వెళ్లాలి, అంత ఇరుకు మెట్లు.