సర్వ్‌కు ముందు ఊపిరి

పుదుచ్చేరిలో సముద్రం ఒడ్డునే శ్రీ అరవిందాశ్రమం వారి టెన్నిస్ కోర్టు ఉంది. ఆశ్రమాన్ని నడిపిన శ్రీమాత డెబ్భై దాటిన వయసులోనూ సాయంత్రాలు రాకెట్ పట్టుకుని అక్కడ కుర్రకారుతో ఆడేవారు. ఎనభయ్యో ఏడు వచ్చేదాకా ఆట మానలేదు. ఆశ్రమమంటే కళ్లు మూసుకుని కూర్చోవడమే అనుకునేవాళ్లకు ఇది మింగుడుపడదు.

టెన్నిస్‌లో పాయింటుకూ పాయింటుకూ మధ్య దొరికేది 25 సెకన్లు. ఓడితే తన సర్వీస్ గేమ్ పోయే బ్రేక్ పాయింటు ముందు బంతిని నేలకేసి కొడుతున్న ఆటగాణ్ణి గమనించండి. భుజాలు బిగుసుకుపోయి, ఊపిరి పైపైనే ఆడుతుంటుంది. అప్పుడు గాలి బలంగా పీల్చడం కంటే నెమ్మదిగా వదలడమే మేలు. గుండె దడ తగ్గుతుంది, రాకెట్ మీద పిడికిలి సడలుతుంది. మనసు తేటపడే మార్గాలు చెబుతూ పతంజలి కూడా యోగసూత్రాల మొదటి పాదంలో ఊపిరి వదలడం, నిలపడం గురించి చెప్పారు. అయితే అనేక మార్గాల్లో అదీ ఒకటి, అంతే.

మరి ఊపిరితోనే పని జరిగిపోతుందా? ఆ ఆశ్రమానికి పేరైన అరవిందుల అనుభవం చూస్తే అలా అనిపించదు. బరోడాలో ఉండగా ఆయన గంటల తరబడి ప్రాణాయామం చేశారు. కవిత్వం ధారగా వచ్చింది గానీ మనసు నిశ్చలం కాలేదు. 1908 జనవరిలో విష్ణు భాస్కర్ లేలే అనే యోగి ఆయన్ను మేడగదిలో కూర్చోబెట్టి ఒకటే పని చెప్పారు: ఆలోచనలు బయటి నుంచి వస్తుంటాయి, గడప దాటకముందే గెంటెయ్యాలి. మూడు రోజుల్లో మనసు నిశ్శబ్దమైంది. కొద్దిరోజులకే బొంబాయిలో ఉపన్యాసం. చెప్పడానికి తలలో ఒక్క మాటా లేదు! సభకు నమస్కరించి ఊరుకో, మాట దానంతటదే వస్తుందన్నారు లేలే. వచ్చింది కూడా.

‘డబుల్ ఫాల్ట్ చేస్తానేమో’ అన్న ఆలోచనా అలా గడప దగ్గరికి వచ్చేదే. దాన్ని నాదనుకుని లోపలికి పిలిచి కూర్చోబెడితే ఎంత ఊపిరి వదిలినా చెయ్యి వణక్క మానదు. ఇక్కడ ఊపిరి చేసే సాయం ఒకటుంది: వచ్చిందెవరో చూసేపాటి వ్యవధి ఇస్తుంది. పరీక్ష హాల్లోనూ, ఇంటర్వ్యూ గది బయటా అంతే.

తర్వాత పుదుచ్చేరిలో సాధకులకు అరవిందులు ప్రాణాయామాన్ని తప్పనిసరి చేయలేదు. ఆటలు మాత్రం ఆశ్రమ పాఠశాల పిల్లల దినచర్యలో చేరిపోయాయి.