రెండోసారి వచ్చినవాళ్లు

అక్టోబరు 5 పునీత ఫౌస్తీనా పండుగ. పోలండ్‌లో క్రాకోవ్ శివారున వాగెవ్నికి అనేచోట ఆమె కన్నుమూసిన మఠం ఇప్పుడు దివ్య కారుణ్య భక్తులందరికీ యాత్రాస్థలం. 2002లో అక్కడి కొత్త బసిలికాను ప్రతిష్ఠించింది పోప్ రెండవ జాన్‌పాల్. యువకుడిగా ఆ పక్కనే సోల్వే ఫ్యాక్టరీలో కూలిపని చేస్తూ, చెక్కబూట్లతో ఆ మఠం దగ్గర ఆగి వెళ్లిన మనిషే ఆయన. 1931లో ఆమెకు కలిగిన యేసు దర్శనం, ఆమె చెప్పిన ఈ భక్తి, ఎరుపు తెలుపు కిరణాల ఆయన పటం మీకు కొత్త కాదు.

నా మనసు ఆ మఠం గేటు దగ్గరే తిరుగుతోంది. మూడేళ్లయినా బడికి పోని ఆ కన్యాస్త్రీ వంట చేసింది, తోటపని చేసింది, క్షయ పీడిస్తుండగా గేటు కాచింది. చలివానలో వచ్చిన కుర్రాడికి సూపు వేడిచేసి, రొట్టె తుంచి వేసి ఇచ్చింది. వచ్చింది యేసేనని వేరే చెప్పాలా? దానికన్నా నన్ను పట్టుకున్నది ఆమె డైరీలో మరో సంగతి. ఒకసారి వచ్చిన పేదలే మళ్లీ వస్తే ఇంకాస్త మెత్తగా మాట్లాడేదట. గుర్తుపట్టినట్టు తెలియనిచ్చేది కాదట, వాళ్లు సిగ్గుపడతారని. అడుక్కునేవాళ్లతో ఇలాగేనా ఉండేదని తప్పుపట్టి, వాళ్ల ముఖానే తలుపు వేసిన సిస్టరూ అదే మఠంలో ఉంది.

మనం ఈ రెండో సిస్టరు బాపతు. పనమ్మాయి ఇంకోసారి అడ్వాన్సు అడిగితే మొదటిసారి లెక్క తీస్తాం. అపార్ట్‌మెంట్లలో అయితే పొమ్మనడానికి వాచ్‌మన్‌కే జీతమిస్తున్నాం. సరుకులు మోసుకొచ్చిన కుర్రాడు మన లిఫ్టు ఎక్కకూడదట! మధ్యాహ్నం 3 కాగానే మాత్రం ఫోన్లో అలారం, చేతిలో కారుణ్య జపమాల. ఆ వేళ ఎవరైనా తలుపు కొట్టారో, అయిపోయారు. దయకు ఫౌస్తీనా రాసుకున్న వరుస వేరు: ముందు చేత, తర్వాత మాట, ఆ రెండూ వీలుకాకుంటే ప్రార్థన. మనం మూడోదాన్ని ముందుకు జరుపుకుని హాయిగా కూర్చున్నాం.

పండుగ పూజకు వెళ్తూ చర్చి గేటు దగ్గరి ముసలమ్మ చేతిలో పది రూపాయలు పెడతాం. పూజయ్యాక, అంతమంది జనంలో ఎవరిచ్చారో గుర్తులేక, ఆమె మళ్లీ చెయ్యి చాస్తుంది. 'ఇందాకే ఇచ్చాను కదా' అంటాం, పక్కవాళ్లకు వినబడేలా.