చూడని లెక్క కింద సంతకం

చిరంజీవి చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

ఎంబీఏ మొదటి ఏడాది అయిపోయింది, ఇక ఫైనాన్స్ తీసుకోవాలా, మార్కెటింగ్ తీసుకోవాలా, హెచ్‌ఆర్ తీసుకోవాలా అని అడిగావు. మనసు ఎటు లాగితే అటు వెళ్లు. ఏది తీసుకున్నా అకౌంట్స్, స్టాటిస్టిక్స్ మాత్రం వదలకు. పరీక్ష గట్టెక్కింది కదా అని ఆ పుస్తకాలు అటకెక్కించకు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది మరో సంగతి కోసం, సెలవుల్లో నువ్వు చేయబోయే ప్రాజెక్టు కోసం. నువ్వు అడగకపోయినా చెబుతున్నాను. ఈ రెండేళ్ల చదువులో నువ్వు ఎలాంటి మేనేజరువి అవుతావో తేల్చేది ఏ పేపరూ కాదు, ఆ ప్రాజెక్టేనని నా గట్టి నమ్మకం.

మేనేజర్ పని ఏమిటో ఒక్కసారి ఆలోచించు. ఫ్యాక్టరీ మేనేజర్ గోదాములో బస్తాలు తాను లెక్కపెట్టడు. బ్యాంకు రీజినల్ మేనేజర్ అప్పు తీసుకున్న ప్రతి ఇంటికీ వెళ్లి కూర్చోడు. ఎవరో చూసి, లెక్కపెట్టి, రాసి పంపితే ఆ అంకెను నమ్మి నిర్ణయం తీసుకుంటాడు. సరుకు ఎంత కొనాలి, ఎవరిని పనిలో పెట్టుకోవాలి, ఏ శాఖ మూసేయాలి, అన్నిటికీ ఆ అంకే ఆధారం. కింద కూర్చుని రాసే మనిషి చూసింది చూసినట్టు రాయకపోతే పైవాళ్ల తెలివితేటలు ఎంతటివైనా కొరగావు. చదువు ముగిశాక నిన్ను కూర్చోబెట్టేది కూడా ముందు ఆ కింది కుర్చీలోనే.

ఇక మన కాలేజీల్లో చాలాచోట్ల ప్రాజెక్టు ఎలా తయారవుతుందో నీకు తెలియంది కాదు. వినియోగదారుల సంతృప్తి మీద అధ్యయనం అని ఒక శీర్షిక, శాంపిల్ సైజు వంద. హాస్టల్ గదిలో నలుగురు చేరి, నీలం పెన్నూ నల్ల పెన్నూ మార్చి మార్చి వంద ఫారాల మీద టిక్కులు పెట్టేస్తారు. అన్నీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని ఓ పది పన్నెండు ఫారాల్లో అసంతృప్తి గడిలో టిక్కు పెడతారు. వాటి నుంచి పై చార్టులు, శాతాలు, చివర సూచనలు. కొందరు ఆ శ్రమ కూడా పడరు. సీనియర్ రిపోర్టులో కంపెనీ పేరు మార్చి బైండింగ్‌కు ఇస్తారు, లేదా డబ్బిచ్చి రాయించుకుంటారు. మొదటి పేజీల్లో మాత్రం ఇది నా సొంత కృషి అనే డిక్లరేషన్, కింద సంతకం ఉంటాయి. మేనేజ్‌మెంట్ విద్యార్థిగా ఒక లెక్కకు పూచీ పడుతూ నువ్వు పెట్టే మొదటి సంతకం అదే.

గైడ్ కూడా పూర్తిగా చదవని రిపోర్టు వల్ల ఎవరికి నష్టం అంటావేమో. దాన్ని నమ్మి ఎవరూ పెట్టుబడి పెట్టరు, నిజమే. నష్టం నీ చేతికి. ఫలితం ఎలా ఉండాలో ముందే అనుకుని, దానికి సరిపడా ఆధారాలు వెనక నుంచి తయారుచేయడం ఒక పనితనం. ఒకసారి చేతికి అలవాటైతే మళ్లీ అవసరం పడినప్పుడు అదే చెయ్యి ముందుకొస్తుంది. పెద్ద మోసాలన్నీ ఈ పనితనంతోనే జరిగాయి. మన హైదరాబాద్‌లోనే జరిగిన ఒకదాన్ని కాస్త దగ్గరగా చూద్దాం.

2009 జనవరి 7న సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తన బోర్డుకు ఒక లేఖ రాశారు. నగదు, బ్యాంకు నిల్వలుగా పుస్తకాల్లో చూపిన మొత్తంలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని అందులో ఒప్పుకున్నారు. తక్కిన తేడాలతో కలిపి లోటు 7,136 కోట్లు. ఆ లేఖలో అందరూ తలచుకునేది ఈ పెద్ద అంకెనే. నాకు మాత్రం 2008 సెప్టెంబర్‌తో ముగిసిన మూడు నెలల లెక్క ఎక్కువ ముఖ్యం. ఆదాయం 2,700 కోట్లని, నిర్వహణ లాభం 649 కోట్లని కంపెనీ చూపింది. లేఖ ప్రకారం అసలు ఆదాయం 2,112 కోట్లు, అసలు లాభం 61 కోట్లు. వందకు ఇరవై నాలుగు రూపాయలు మిగిలాయని చెప్పిన చోట నిజానికి మిగిలింది మూడు. అయినా చూడు, ఆ కంపెనీ ఉత్త పేరుబోర్డు కాదు. దాదాపు 50 వేల మంది ఉద్యోగులు, దేశదేశాల ఖాతాదారులు, మూడు నెలల్లో రెండు వేల కోట్లకు పైగా ఆదాయం అన్నీ నిజమే. లాభం తక్కువైందని ముందే చెప్పుకుని ఉంటే షేరు ధర పడేది, నలుగురూ నాలుగు మాటలు అనేవారు, కంపెనీ మాత్రం నిలబడేది.

అసలుకూ పుస్తకాలకూ మధ్య తేడా మొదట్లో చిన్నదేనని, ఏళ్లు గడిచేకొద్దీ అదుపు తప్పిందని కూడా ఆ లేఖలో ఉంది. తప్పుడు అంకె చక్రవడ్డీ అప్పులా పెరుగుతుంది. ఈ త్రైమాసికంలో లేని లాభం చూపితే, వచ్చే త్రైమాసికంలో దానికంటే ఎక్కువ చూపాలి. లేని లాభానికి లేని డబ్బు, ఆ డబ్బుకు లేని డిపాజిట్ రసీదు, దానిమీద రాని వడ్డీ. దర్యాప్తులో బయటపడ్డ నకిలీ ఇన్‌వాయిస్‌లు, నకిలీ ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు ఇలా పుట్టినవే. వంద ఫారాలకు పెన్నులు మార్చడంలోనూ ఇదే పద్ధతి ఉంది. రెండూ సమానమైన నేరాలని నేననడం లేదు. హాస్టల్ గదిలో టిక్కులు పెట్టిన వాళ్లలో చాలామంది తర్వాత నిజాయితీగానే బతుకుతారు. కానీ కావలసిన జవాబు ముందు, ఆధారం తర్వాత అనే వరుస రెండుచోట్లా ఒకటే.

చదువు ఎక్కువుంటే ఇలాంటివి జరగవనుకోకు. రాజు అమెరికాలో ఎంబీఏ చదివినవారే. ఆ బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్, ఐఎస్‌బీ డీన్ డైరెక్టర్లుగా ఉన్నారు. మోసం బయటపడడానికి కొద్ది నెలల ముందే కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. ప్రొఫెసర్ల పాండిత్యంలో లోపం లేదు. వాళ్ల ముందుకు వచ్చిన కాగితాలే అబద్ధం. కింద తప్పుగా రాసిన అంకెను పైనున్న పాండిత్యం సరిచేయలేదు. నిజమైన లెక్కలు మళ్లీ కట్టి ప్రకటించడానికి 2010 సెప్టెంబర్ దాకా పట్టింది. అప్పటికి ఆ కంపెనీ టెక్ మహీంద్రా చేతికి వెళ్లి ఏడాది దాటింది.

చిన్న ఉద్యోగిని, పైవాళ్లు రాయమన్నది రాయకపోతే ఉద్యోగం పోతుంది కదా అన్నది రెండో అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తీసేయలేను. చదువుకు తెచ్చిన అప్పుకు నెలనెలా ఈఎంఐ కట్టాల్సిన పిల్లలకు ఉద్యోగం ఎంత అవసరమో తెలియని కుటుంబం కాదు మనది. కానీ రాసిన చెయ్యి మీదకే కేసు వస్తుందని కూడా తెలుసుకో. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు సత్యం కేసులో పది మందిని దోషులుగా తేల్చింది. వాళ్లలో రాజు సోదరులు, ఆడిటర్లే కాదు, ఫైనాన్స్ విభాగంలో పనిచేసిన ఉద్యోగులు, అంతర్గత ఆడిట్ చూసిన అధికారి కూడా ఉన్నారు. శిక్ష మీద వాళ్లు అప్పీలుకు వెళ్లారు, అది వేరే సంగతి. పైవాళ్లు చెప్పారన్న మాట మాత్రం కాపాడలేదు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో ఖాతాదారుకు ఎనిమిది ఖాతాలో కార్డులో అంటగట్టాలని టార్గెట్లు పెట్టింది. అందుకోలేని సిబ్బంది ఖాతాదారులకు తెలియకుండానే వాళ్ల పేర్ల మీద లక్షలకొద్దీ ఖాతాలు తెరిచారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడేనాటికి బ్యాంకు తీసేసిన ఉద్యోగులు దాదాపు 5,300 మంది. టార్గెట్ పెట్టిన పెద్దాయన రాజీనామా చేసింది ఆ తర్వాత.

టార్గెట్లే తప్పని నేననను. అంకె లేకుండా ఏ సంస్థా నడవదు. చెప్పేదల్లా అంకె పక్కన మనిషి కూడా కనబడాలని. 2010లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేద మహిళలకు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలు వసూళ్లు దాదాపు నూటికి నూరు అని చూపించేవి. ఆ అంకె అబద్ధం కాదు. ఆ ఏడాది ఆగస్టులో హైదరాబాద్ నుంచి నడిచే ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేరు మార్కెట్లోకి కూడా వచ్చింది. కానీ ఒకే మహిళ మూడు నాలుగు కంపెనీల దగ్గర అప్పు తీసుకుని, ఒకదాని కిస్తీ ఇంకోదాని అప్పుతో కడుతోందన్నది వసూళ్ల శాతంలో కనిపించదు. వాకిట్లో ఐదు నిమిషాలు కూర్చుని, ఈ వారం డబ్బు ఎక్కడిదమ్మా అని అడిగితేనే తెలుస్తుంది. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి, అక్టోబర్‌లో ప్రభుత్వం ఆ కంపెనీలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది, వసూళ్లు కుప్పకూలాయి. నిజమైన అంకె కూడా చూసిరాకపోతే మోసం చేయగలదు. స్వయంగా చూడడం నేర్పడానికే, కార్ల కంపెనీ టయోటాలో తైచీ ఓనో అనే అధికారి ఇంజినీర్లను షాపు ఫ్లోరు మీద సుద్దతో గీసిన వృత్తంలో గంటల తరబడి నిలబెట్టి చూడమనేవాడని చెబుతారు. అక్కడ లోపం కనబడితే మామూలు కార్మికుడు కూడా లైను ఆపించవచ్చు. చెడు వార్త తొందరగా పైకి చేరడమే వాళ్ల బలం.

కాబట్టి ప్రాజెక్టు చిన్నదిగా పెట్టుకో. పెద్ద కంపెనీ లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ కోసం తిరగకు. మీ వీధి చివర కిరాణా కొట్లకు సరుకు పంపే డిస్ట్రిబ్యూటర్ ఉంటే చాలు. ఏ కొట్టుకు ఎన్నాళ్ల అరువు ఇస్తున్నాడు, పాడైన సరుకు ఎవరు భరిస్తున్నారు, ఇవి ఎవరూ సరిగ్గా రాయని విషయాలు. వందమంది దగ్గరకు వెళ్లగలిగితే వెళ్లు. నలభై మూడు మందే మాట్లాడితే శాంపిల్ సైజు దగ్గర నలభై మూడు అనే రాయి. తక్కినవాళ్లు ఎందుకు మాట్లాడలేదో పరిమితుల అధ్యాయంలో ఒక పేజీ రాయి. మార్కులు నాలుగు తగ్గితే తగ్గనీ. వైవాలో ఎదుటి మనిషి ఏ పేజీ తెరిచి అడిగినా, ఆ కొట్టాయన ఏమన్నాడో నువ్వు చెప్పగలగాలి.

ఒక్క మాట మరిచాను. మీ ప్రశ్నావళులు ఇంగ్లిష్‌లో ఉంటాయి, కొట్లో కూర్చున్నాయన ఐదు గడుల్లో జవాబివ్వడు, మాటల్లో చెబుతాడు. ముందు తెలుగులో రాసుకుని, ఇద్దరు ముగ్గురిని అడిగి చూసి, అర్థం కాని ప్రశ్నలు కొట్టేసి, ఆ తర్వాత అచ్చు వేయించు. రాసిన మొదటి ప్రతి నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న