ఏర్పరచినదెవరు? విశ్వసించినదెవరు?

ఢిల్లీలో ఐ.ఐ.టి. ప్రక్కనున్న జియా సరాయ్, పోటీ పరీక్షలకు చదువుకొను విద్యార్థుల అద్దె గదులకు పేరుపడిన ప్రాంతము. అట్టి చోట ఎంపిక అను మాటకు అర్థమొక్కటే. మార్కులు వచ్చినవాని పేరు జాబితాలో ఎక్కును. రానివాని పేరు ఎక్కదు. బాప్తిస్టు సంఘములో పెరిగిన తెలుగు యువకుడెవడైనను అట్టి గదిలో కూర్చుండి ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయము చదివి, లోకసృష్టికి ముందే దేవుడు తనవారిని ఏర్పరచుకొనెనని గ్రహించినప్పుడు కలవరపడుట సహజము. ఇది ఎట్టి జాబితా? తన పేరు అందులో ఉన్నదని తెలియుటెట్లు? అది ముందే వ్రాయబడియున్న యెడల తాను విశ్వసించుటకు విలువ యేమి?

ఈ ప్రశ్నకు బాప్తిస్టులు మొదటినుండియు ఒకే జవాబు చెప్పలేదు. 1609లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున జాన్ స్మిత్, థామస్ హెల్విస్ అనువారి నాయకత్వమున ఆంగ్ల విశ్వాసులు కొందరు, విశ్వసించినవారికే బాప్తిస్మమను నియమమును చేపట్టిరి. క్రీస్తు మానవులందరి కొరకును మరణించెనని వారు బోధించిరి గనుక వారికి జనరల్ బాప్తిస్టులని పేరు వచ్చెను. 1630 తరువాతి సంవత్సరములలో లండనులో మరియొక పాయ బయలుదేరెను. క్రీస్తు ప్రాయశ్చిత్తము ప్రత్యేకముగా ఏర్పరచబడినవారి కొరకేయని నమ్మిన వీరు పర్టిక్యులర్ బాప్తిస్టులు. వీరి ఏడు సంఘములు 1644లో ఒక విశ్వాస ప్రమాణమును ప్రకటించెను.

1618-19లో డార్ట్ మహాసభ స్థిరపరచిన అయిదు సూత్రములను రెండవ పాయవారు అంగీకరించిరి. మానవుని సంపూర్ణ పతనము, షరతులు లేని ఏర్పాటు, పరిమిత ప్రాయశ్చిత్తము, ఎదిరింపజాలని కృప, పరిశుద్ధుల స్థిరత్వము అనునవియే అవి. అయినను శిశు బాప్తిస్మ విషయములో వారును కాల్వినును అనుసరింపలేదు. కాబట్టి బాప్తిస్టులందరు కాల్విను శిష్యులనుట సరికాదు. కాల్వినుతో వారికి సంబంధమే లేదనుటయు సరికాదు.

తెలుగు బాప్తిస్టు సంఘముల పుట్టుకలో ఈ రెండు పాయలును కలిసినవి. ఏర్పాటు సిద్ధాంతమును అతిగా సాగదీసి, మారుమనస్సు పొందుడని పాపులందరిని పిలుచుట తగదని ఇంగ్లాండులో కొందరు వాదించుచుండగా, కాల్విను బోధను నమ్మిన ఆండ్రూ ఫుల్లరే 1785లో ఆ వాదమును ఖండించుచు గ్రంథము ప్రకటించెను. సువార్త వినిన ప్రతివాడును విశ్వసింప బద్ధుడనియు, కనుక ప్రతివానిని పిలువవలెననియు ఆయన నిరూపించెను. ఆ బోధ బలమునే 1792లో మిషనెరీ సంఘము స్థాపింపబడెను; విలియం కేరీ బంగాళమునకు వచ్చెను; 1818లో శ్రీరాంపూరు ముద్రణాలయమునుండి తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. ఒరిస్సాలో పనిచేయుచున్న జనరల్ బాప్తిస్టు మిషనెరీ ఆమోస్ సట్టన్ 1835లో అమెరికా వెళ్లి, తెలుగువారికి సువార్తికులను పంపుడని అచ్చటి బాప్తిస్టులను వేడుకొనెను. దాని ఫలితముగా శామ్యూల్ డే 1836లో మన తీరమునకు చేరి, 1840లో నెల్లూరున స్థిరపడెను.

అయితే సిద్ధాంతము పుస్తకములో కాక పొలములో పరీక్షింపబడినది ఒంగోలులోనే. 1866లో అచ్చట పని ప్రారంభించిన జాన్ క్లౌ దొరకు త్వరలోనే ఒక చిక్కు ఎదురాయెను. మాదిగలను చేర్చుకొన్న యెడల తాము రామని పై కులములవారు తెలియజేసిరి. ఆయనయు ఆయన భార్యయు వేర్వేరు గదులలో ప్రార్థించి లేఖనము తెరువగా, ఇద్దరికిని మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయములోని భాగమే కనబడెనని ఆయన వ్రాసియున్నాడు. లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనెనని పౌలు చెప్పిన భాగమది. ఆ దంపతులు మాదిగలను విడువలేదు. పుట్టుకను బట్టియు యోగ్యతను బట్టియు మనుష్యులను వేరుచేయు లోకములో ఏర్పాటు సిద్ధాంతమునకు అర్థమేమో ఇచ్చట తేటపడుచున్నది. దేవుని ఏర్పాటు మార్కుల జాబితా కాదు. మార్కులు లేనివారికి కలిగిన శుభవార్త.

1876-78 నాటి గొప్ప కరవు మరింత కఠినమైన ప్రశ్నను తెచ్చెను. సర్వే పని తెలిసిన క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో సుమారు మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని, ఆకలితో చచ్చుచున్న వేలాదిమందికి కూలి కల్పించెను. పనివారితోపాటు బోధకులుండిరి, సువార్త ప్రతిదినము వినబడుచుండెను. అనేకులు బాప్తిస్మము కోరిరి. క్లౌ ఇయ్యలేదు. అన్నము కొరకు వచ్చినవారెవరో, క్రీస్తు కొరకు వచ్చినవారెవరో తేలవలెనని సుమారు పదునైదు నెలలు బాప్తిస్మములను నిలిపియుంచెను. సహాయపు పనులు ముగిసిన పిమ్మట కూడ ప్రజలు వచ్చి అడుగుట మానకపోగా 1878 జూనులో అంగీకరించెను. జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఏటిలో ఆరుగురు బోధకులు వంతులవారీగా ఇద్దరిద్దరు దిగి, ఒక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. ఆ సంవత్సరాంతమునకు ఆ సంఖ్య 9,606 ఆయెను.

ఆ నిలుపుదల న్యాయమైనదేనా? ఆ నెలలలో బాప్తిస్మము లేకయే ఆకలికిని అంటువ్యాధులకును బలియైనవారి సంగతి యేమి? బాప్తిస్మమే రక్షించునని నమ్మినవానికి అట్టి ఆలస్యము క్రూరకార్యమగును. కృపయే విశ్వాసము ద్వారా రక్షించుననియు, బాప్తిస్మము దానికి సాక్ష్యమనియు నమ్మినవాడు మాత్రమే నీటిని నిలిపియుంచగలడు. క్లౌ బాప్తిస్మమును నిలిపెను గాని వాక్యమును నిలుపలేదు, కూలిని నిలుపలేదు. రక్షణకు కావలసినదియు, బ్రదుకుటకు కావలసినదియు వారికి అందుచునే యుండెను.

మరియొక ఆక్షేపణ యింతకంటె బలమైనది. ఆకలి కూడ దేవుని చేతిలో సాధనము కారాదా? లూకా 15వ అధ్యాయములోని చిన్న కుమారుడు ఆకలి బాధచేతనే తండ్రి యింటిని తలచుకొనెను. తండ్రి అతని ఉద్దేశమును పరీక్షింపక పరుగెత్తి కౌగిలించుకొనెను. నిజమే. తండ్రి హృదయములను ఎరిగినవాడు, సంఘము ఎరుగదు. ఎవరు ఏర్పరచబడినవారో చూడగల కన్ను ఏ బోధకునికిని లేదు. అందుచేతనే సంఘము ఫలమును చూచి, సాక్ష్యమును విని, కొంత కాలము వేచియుండవలసి వచ్చుచున్నది. ఆ నిదానము దేవుని కృపను శంకించుట కాదు. తన చూపునకు హద్దున్నదని సంఘము ఒప్పుకొనుట. ఆకలిగొన్నవానిని రొట్టెతో కొనకుండుటయు అతనిని గౌరవించుటయే.

ఇట్లు చూచినప్పుడు రెండు పాయలవారును విడువరాని సత్యములు కనబడుచున్నవి. ఏర్పాటును నమ్మువాడు, దేవుడు రక్షింపదలచినవారు ఎట్లును రక్షింపబడుదురని చేతులు ముడుచుకొనరాదు. కొరింథులో తనకు అనేక జనమున్నదని ప్రభువు పౌలునకు చెప్పినది అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో ఉన్నది. ఆ మాట విని పౌలు ఊరు విడువలేదు. ఏడాదిన్నర అక్కడనే బోధించెను. ఏర్పాటు అతనికి విశ్రాంతి కాదు, ధైర్యము. మానవుని నిర్ణయమును నొక్కి చెప్పువాడును తన విశ్వాసమును తాను సంపాదించిన అర్హతగా ఎంచరాదు. చేయి చాచిన బిచ్చగాడు ఆ చాచుటను బట్టి అతిశయించునా?

తాను ఏర్పరచబడితినా అని కలతచెందు యౌవనస్థునికి దేవుని మరుగైన గ్రంథమును చూపగలవాడు లేడు. అతడు చూడవలసినది క్రీస్తును. తనయొద్దకు వచ్చువానిని త్రోసివేయనని యోహాను 6వ అధ్యాయములో ప్రభువు వాగ్దానము చేసెను. అదే అధ్యాయమున, తండ్రి అనుగ్రహించినవారే తనయొద్దకు వత్తురనియు చెప్పెను. ఈ రెండు మాటలను పలికినది ఒకే నోరు. వాటిని విడదీసి, ఒకదానితో మరియొకదానిని కొట్టువారు పండితులు కావచ్చును. ఆ పిలుపు విని వచ్చినవాడు మాత్రము, తాను వెదకకముందే తనను వెదకినవాడు ఒకడున్నాడని దినదినమును మరి యెక్కువగా తెలిసికొనును.